ప్రకృతిలోని అల్లికలు చూసి పిల్లల చేత బొమ్మలు వేయించడం ఎలా?

తిరుపతిలో ఏ బడిలోనైనా పిల్లలకు కొండలు గీయమని చెప్పి చూడండి. రెండు త్రికోణాలు, వాటి మధ్యలోంచి సగం సూర్యుడు, కింద ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు వస్తాయి. కిటికీలోంచి కనిపించే శేషాచలం కొండలు అలా ఉండవు. పైన బల్లపరుపుగా చాలా దూరం సాగి, దాని కింద నిట్టనిలువుగా తెగిన రాతి గోడ, ఆ గోడలో అడ్డంగా పొరలు, ఇంకా కిందికి వాలుగా దిగే అడవి. రోజూ ఆ కొండ కింద నుంచే బడికొచ్చే పిల్ల కూడా త్రికోణమే గీస్తుంది. చేయి తిరగక కాదు, ఎప్పుడో ఎవరో గీసిన బొమ్మ మనసులో పడిపోయింది కాబట్టి.

ఈ అలవాటు పోవాలంటే పిల్లలకు ప్రకృతిలో మళ్లీ మళ్లీ వచ్చే అల్లికలను పరిచయం చేయాలి. ఆకులో ఈనెలు చీలే తీరు, అనాసకాయ మీద కళ్లు తిరిగే తీరు, ఎండిన చెరువులో మట్టి పగిలే తీరు. వాటిని చూసి అచ్చం అలాగే దించమని చెప్పడం దగ్గర ఆగిపోకండి. అది ఏ పద్ధతిలో పెరిగిందో పిల్లలే కనిపెట్టాలి, ఆ పద్ధతి పట్టుకుని తమ బొమ్మ తాము వేయాలి. ఈ రెండో మెట్టు ఎక్కించడమే టీచర్ పని. 6 నుంచి 10వ తరగతి వరకు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డ్రాయింగ్ టీచరే అయి ఉండాల్సిన పని లేదు. సైన్సు, లెక్కలు, తెలుగు చెప్పేవాళ్లు కూడా చేయించొచ్చు.

1. ముందు మీరొకసారి తిరిగి రండి

పిల్లలను బయటికి తీసుకెళ్లే ముందు రోజు బడి ఆవరణ, చుట్టుపక్కల వీధులు మీరే చూసి రండి. దూరం పోనక్కర్లేదు. ఒక వేపచెట్టు, తులసి మొక్క, నందివర్ధనం, గోడ మూలన సాలెగూడు, ఎండిన బురదగుంట ఉంటే చాలు, నెల రోజుల పాఠాలు అందులోనే దొరుకుతాయి.

చూసినవాటిని మీ మనసులో కొన్ని గుంపులుగా పెట్టుకోండి: సుడి తిరిగేవి, కొమ్మలుగా చీలేవి, పగిలేవి, గూళ్లుగా అతుక్కునేవి, చారలూ చుక్కలూ ఉన్నవి, నడిమధ్య నుంచి చుట్టూ ఒకేలా విచ్చుకునేవి. ఈ గుంపుల పేర్లు పిల్లలకు ముందే చెప్పకండి. పేరు చెప్పగానే చూడటం ఆపేసి రాసుకోవడం మొదలుపెడతారు.

కాలం కూడా చూసుకోండి. చెరువు పగుళ్లకు ఎండాకాలం, సీతాఫలాలకు వానాకాలం చివర, ముగ్గులకు ధనుర్మాసం. ఆ నెలలో ఏది వీధి నిండా కనిపిస్తుందో దానితో మొదలుపెడితే పిల్లలు ఇంటికెళ్లాక కూడా చూస్తూనే ఉంటారు.

2. ఏరుకోవాలి, కోయకూడదు

నడకకు బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక అట్టముక్క పెట్టండి. పాత పెళ్లిపత్రిక బాగా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది. దాని మధ్యలో 5 సెంటీమీటర్ల చదరం కత్తిరిస్తే చిన్న కిటికీ అవుతుంది. దాన్ని చెట్టు బెరడు మీదో, గోడ నాచు మీదో ఆనించి, ఆ చదరంలో పడినంత మాత్రమే చూడమనండి. చెట్టంతా చూస్తే మళ్లీ పాత చెట్టు బొమ్మే వస్తుంది. బెరడులో 5 సెంటీమీటర్లు చూస్తే ఆ బొమ్మ ఎవరికీ ముందే తెలిసి ఉండదు.

రాలిన ఆకులు, ఎండిన కాయలు, ఊడిన బెరడు ఏరుకోవచ్చు. చెట్టున ఉన్నవి కోయొద్దు. తిరుమల కొండ మీద పూలన్నీ స్వామికే అని ఈ ఊరి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. అదే మర్యాద వీధిలోని చెట్టుకూ ఇవ్వమని చెప్పండి, వింటారు.

శేషాచలం అడవికి 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ హోదా వచ్చింది, అంటే అక్కడి చెట్టూచేమా జంతువులూ కాపాడాల్సినవి. తలకోన వెళ్లినా, అలిపిరి మెట్ల దారిలో వెళ్లినా అక్కడి నుంచి ఆకు కూడా తేవద్దు, కాగితం మీద గీసుకుని రండి. ముఖ్యంగా ఎర్రచందనం జోలికి పోవద్దు, చిన్న చెక్కముక్క అయినా సరే. దాని బెరడు మాత్రం తప్పకుండా చూపించాల్సిందే. నల్లగా, లోతైన చీలికలతో దీర్ఘచతురస్రాల పలకలుగా విడిపోయి మొసలి చర్మంలా ఉంటుంది. ఊళ్లో ఎక్కడైనా పెంచిన చెట్టు ఉంటే అడిగి, బెరడు మీద పల్చటి కాగితం పెట్టి బొగ్గుతో రుద్దితే ఆ పలకలన్నీ కాగితం మీదికి దిగుతాయి. మెట్ల దారిలో పిల్లలను పక్కకు దిగనివ్వకండి, చిరుతలు తిరిగే చోటు.

కొండ మీదికి వెళ్లే వీలుంటే శిలాతోరణం చూపించండి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రెండు వేర్వేరు కాలాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటు ఉంది, దానికీ అదే గుర్తింపు. రాతి పొరలు గీయడానికి ఇంతకన్నా మంచి నమూనా దగ్గరలో లేదు.

3. ఒక్క ఆకు, పది నిమిషాలు, రబ్బరు లేదు

తరగతికి తిరిగొచ్చాక ఒక్కొక్కరికి ఒక్క వేపాకు ఇవ్వండి. రెమ్మ వద్దు, అందులోని ఒక్క ఆకు. రబ్బర్లు మీ బల్ల మీదికి తీసుకోండి. పది నిమిషాలు ఆకును చూస్తూ గీయాలి.

అయిదు నిమిషాలకే చాలామంది పూర్తయిందంటారు. అప్పుడు ఒక ప్రశ్న వేయండి: నడిమి ఈనెకు రెండు వైపులా సమానంగా ఉందా? మళ్లీ చూస్తారు. వేపాకు సమానంగా ఉండదు. ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. తొడిమ దగ్గర ఒక పక్క ముందు మొదలవుతుంది, రెండో పక్క కాస్త పైన. మొత్తం ఆకు కొడవలిలా ఒక వైపుకు వంగి ఉంటుంది. అంచున పళ్లన్నీ కొన వైపుకు తిరిగి ఉంటాయి. పిల్లలు గీసింది మాత్రం అచ్చం రెండు సగాలూ సమానంగా ఉన్న ఆకు. ఎవరినీ తప్పుపట్టకుండా, కొత్త కాగితం ఇచ్చి రెండోసారి గీయమనండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఇక మీరేం చెప్పక్కర్లేదు.

ఈ మెట్టు తొందరపడి దాటేయకండి. పీరియడ్ మొత్తం దీనికే అయిపోయినా పర్వాలేదు.

4. పద్ధతిని ఒక్క వాక్యంలో రాయించండి

ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఇది ఎక్కడ మొదలై ఉంటుంది? తర్వాత ఏం జరిగింది? అదే ఎన్నిసార్లు జరిగింది? జవాబును ఒక్క వాక్యంలో, చూడనివాడు కూడా గీయగలిగేలా రాయాలి.

తులసి రెమ్మను పైనుంచి చూసిన పిల్ల ఇలా రాయొచ్చు: రెండాకులు ఎదురెదురుగా వస్తాయి, వాటి పైన వచ్చే జత వాటికి అడ్డంగా తిరుగుతుంది. నందివర్ధనం పువ్వయితే: అయిదు రేకులు, ప్రతి రేకూ ఒకే వైపుకు మెలి తిరిగి ఉంటుంది. అరటాకయితే: నడిమి ఈనె నుంచి సన్న గీతలు ఒకదాని పక్కన ఒకటి అంచుదాకా పోతాయి, మధ్యలో చీలవు. రావి ఆకయితే చీలుతాయి, చీలినవి మళ్లీ కలిసి వల అవుతాయి.

తర్వాత వాక్యాలు మార్చుకోమనండి. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, అసలు వస్తువు చూడకుండా గీయాలి. బొమ్మ తేడాగా వస్తే వాక్యంలో ఏం తగ్గిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ గోల భరించండి, తరగతిలో అంత పనికొచ్చే గోల ఇంకొకటి ఉండదు.

5. చుక్కల ముగ్గుతో తేనెపట్టు

ఈ మెట్టు మన పిల్లలకు చాలా తేలిగ్గా వస్తుంది, ఎందుకంటే సగం పని ఇంటి వాకిట్లో నేర్చుకునే వచ్చారు. మగపిల్లలు మాకు ముగ్గులు రావంటారు. వాళ్లనూ కూర్చోబెట్టండి, ఇది అందరికీ.

7 చుక్కలు, సందు చుక్క 4 వరకు. అంటే నడిమి వరసలో 7, దాని పైనా కిందా రెండేసి చుక్కల మధ్య సందులో 6, తర్వాత 5, తర్వాత 4. మొత్తం 37 చుక్కలు. వరసల మధ్య దూరం సరిగ్గా కుదిరితే, అంచు చుక్కలు కలిపితే ఆరు భుజాలూ సమానంగా ఉన్న షడ్భుజి వస్తుంది. వాకిట్లో వేసే 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు అన్నదీ ఇదే లెక్క, అక్కడ 169 చుక్కలు. ఎందుకలా వస్తుందో లెక్కల టీచర్‌ను పిలిచి పిల్లల ముందే చెప్పించండి.

ఇప్పుడు ప్రతి చుక్కా ఒక తేనెటీగ అనుకోమనండి. పక్కపక్కనున్న రెండు చుక్కలకు సరిగ్గా మధ్యలో ఒక గోడ గీయాలి. ఏ గోడ గీసినా అది రెండు చుక్కలకూ సమాన దూరంలో ఉండాలి, అంతే నియమం. అన్ని చుక్కలకూ గోడలు పడేసరికి కాగితం మీద తేనెపట్టు తయారవుతుంది. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండి, ఒకే రకంతో సందు లేకుండా నేలను కప్పగలిగే ఆకారాలు మూడే: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. ఎంత జాగాకు ఎంత గోడ పడుతుందో లెక్కేస్తే అన్నిటికన్నా తక్కువ గోడతో పనయ్యేది షడ్భుజికే. సమాన జాగా గల గూళ్లకు ఇంతకన్నా పొదుపైన విభజన లేదని థామస్ హేల్స్ అనే గణితజ్ఞుడు 1999లో నిరూపించాడు.

ఇక్కడితో ఆపితే సగమే చేసినట్టు. రెండో కాగితం తీయించండి. ఈసారి చుక్కలు వరసగా పెట్టొద్దు. గుప్పెడు చింతపిక్కలు కాగితం మీద విసిరి, అవి పడిన చోటల్లా చుక్క పెట్టాలి. నియమం మాత్రం అదే, రెండు చుక్కల నడుమ సరిగ్గా మధ్యలో గోడ. ఇప్పుడు వచ్చే గూళ్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదానికి అయిదు పక్కలు, ఇంకోదానికి ఏడు. తూనీగ రెక్కను దగ్గరగా చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఎవరో ఒకరు జిరాఫీ చర్మం మాదిరి ఉందంటారు. నియమం మారలేదు, చుక్కలు చెదిరాయి అంతే, బొమ్మ మొత్తం మారిపోయింది. ఈ సంగతి పిల్లల చేతికి తెలిసిన రోజు నుంచి వాళ్లు వేసే బొమ్మలు వేరుగా ఉంటాయి.

వీలైతే దీన్ని ఆవరణలో నీళ్లు చల్లి ముగ్గుపిండితో పెద్దగా వేయించండి. నలుగురు కలిసి ఒకే ముగ్గు వేసేటప్పుడు గోడ ఎక్కడ పడాలన్న చర్చ బాగా జరుగుతుంది.

6. అనాసకాయ, ఆపైన 137.5 డిగ్రీలు

ఒక అనాసకాయ, రెండు రంగుల స్కెచ్ పెన్నులు తెండి. కాయ మీద కళ్లు వాలుగా వరసల్లో తిరుగుతుంటాయి. ఒక వైపుకు తిరిగే వరసలకు ఒక రంగు, రెండో వైపుకు తిరిగేవాటికి ఇంకో రంగు వేస్తూ లెక్కపెట్టించండి. ఎక్కువ కాయల్లో ఒక వైపు 8, ఇంకో వైపు 13 వస్తాయి. పొద్దుతిరుగుడు పువ్వు నడిమి గింజల్లో అయితే 34, 55 లాంటివి వస్తాయి.

బోర్డు మీద 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55 రాయండి. ముందున్న రెండూ కలిపితే తర్వాతది. ఇక్కడ తెలుగు టీచర్‌ను పిలవండి. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చు? లలలల, గలల, లగల, లలగ, గగ. అయిదు. అయిదు మాత్రలకు 8, ఆరు మాత్రలకు 13. ఈ అంకెలకు ఇప్పుడు ఫిబొనాచ్చి అనే ఇటలీ గణితజ్ఞుడి పేరే వాడుతున్నారు, ఆయన వాటి గురించి తన పుస్తకం రాసింది 1202లో. అంతకు ముందే, సుమారు 1150 ప్రాంతంలో, మన జైన పండితుడు హేమచంద్రుడు ఈ మాత్రల లెక్క చెప్పాడు. పద్యానికి గణాలు కట్టి అలసిపోయిన పిల్లలకు ఆ అంకెలే అనాసకాయ మీద కనిపిస్తే వచ్చే ఉత్సాహం వేరు.

8వ తరగతి పైవాళ్లకు ఇంకో అడుగు ఉంది. పొద్దుతిరుగుడులో ఒక గింజ తర్వాత ఇంకో గింజ దాదాపు 137.5 డిగ్రీలు తిరిగి కూర్చుంటుంది. అది కాగితం మీద చేసి చూడొచ్చు. మధ్యలో చుక్క పెట్టి, కోణమానినితో చుట్టూ డిగ్రీలు గుర్తించి, ఒక సున్నా గీత గీయించండి. మొదటి గింజ 137.5 డిగ్రీల దగ్గర, రెండోది 275, మూడోది 412.5 అవుతుంది కాబట్టి 360 తీసేస్తే 52.5, నాలుగోది 190, అయిదోది 327.5, ఆరోది 105, ఏడోది 242.5, ఎనిమిదోది 20. అలా సాగుతుంది. ముందు గింజ నుంచి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలన్నీ పోగవుతాయి, అందుకే కోణాలన్నీ ముందే పట్టికగా వేసుకుని, ప్రతిదీ సున్నా గీత నుంచే కొలవాలి.

ఎంత దూరంలో పెట్టాలి? గింజ సంఖ్యకు వర్గమూలం ఎంతో అన్ని సెంటీమీటర్లు. మొదటిది 1, నాలుగోది 2, తొమ్మిదోది 3, పదహారోది 4, ఇరవై అయిదోది 5 సెంటీమీటర్ల దగ్గర. మధ్యవాటికి దశాంశాలు వేసుకోవాలి, రెండోదానికి 1.4, మూడోదానికి 1.7. ఇలా పెడితే ప్రతి గింజకూ సమానంగా జాగా దొరుకుతుంది. 55 గింజలు పెట్టేసరికి నడుమ నుంచి అంచుకు ఏడున్నర సెంటీమీటర్లు కూడా దాటదు, ఏ-ఫోర్ కాగితం చాలు.

అన్నీ పెట్టాక, ప్రతి గింజనూ దానికి 8 తర్వాత వచ్చేదానితో ఒక రంగులో, 13 తర్వాత వచ్చేదానితో ఇంకో రంగులో కలపమనండి. రెండు దిక్కులకూ తిరిగే సుడులు బయటపడతాయి.

తరగతిలో ఒక గుంపుకు 137.5 బదులు 120 ఇవ్వండి, ఇంకో గుంపుకు 90, మరో గుంపుకు 144. 120 వేసినవాళ్లకు గింజలన్నీ మూడే గీతల మీద పడతాయి, 90కి నాలుగు, 144కి అయిదు. మధ్యలో అంతా ఖాళీ. నాలుగు కాగితాలూ పక్కపక్కన పెడితే 137.5 డిగ్రీలతో గింజలు ఎంత కిక్కిరిసి సర్దుకుంటాయో మీరు వివరించక్కర్లేదు. ఆ మూడు గీతల బొమ్మ కూడా చాలా బాగుంటుంది, పారేయనివ్వకండి.

చిన్న తరగతులకు ఈ లెక్కంతా వద్దు. ఒక సీతాఫలం చేతికిచ్చి, కన్నుల మధ్య పల్లాల్లో వేలు నడిపిస్తూ, ఆ దారినే కాగితం మీద గీయమంటే సరిపోతుంది.

7. మట్టి పగుళ్లు

చెరువు ఒండ్రుమట్టి తెచ్చి నీళ్లతో చిక్కగా కలిపి రెండు పళ్లేల్లో పోయండి. ఒకదానిలో ఒక సెంటీమీటరు మందం, ఇంకోదానిలో మూడు. ఎండలో పెట్టి రోజూ ఒకే చోటు నుంచి ఫోటో తీయించండి. పల్చటి పొర చిన్న ముక్కలుగా, మందపు పొర పెద్ద ముక్కలుగా పగులుతుంది. మట్టి ఆరి కుంచించుకుపోతుంది, అడుగు పట్టుకుని ఉంటుంది, ఆ లాగుడుకు తెగుతుంది.

పగుళ్లు కలిసే చోట్లు చూడమనండి. ముందు వచ్చిన పగులు నేరుగా పోతుంది. తర్వాత వచ్చింది దాన్ని దాదాపు లంబకోణంలో తాకి ఆగిపోతుంది. ఏ పగులు ముందు, ఏది వెనక అని పిల్లలు వేలుపెట్టి చెప్పగలుగుతారు. ఏళ్ల తరబడి తడుస్తూ ఆరుతూ ఉన్న నేలలో అయితే మూడు పగుళ్లు సమానంగా కలిసే చోట్లు ఎక్కువవుతాయి.

దీన్నుంచి గీసే నియమం ఇదీ: కాగితం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఒక వంకర గీత. తర్వాత ప్రతిసారీ ఉన్న ముక్కల్లో అతి పెద్దదాన్ని ఎంచుకుని, దాని ఒక గీత నుంచి లంబంగా బయల్దేరి ఎదురుగా ఉన్న గీతను లంబంగా తాకే కొత్త గీత. ముక్కలన్నీ బొటనవేలి గోరంత అయ్యేదాకా అలాగే. గీత గీయడం రాదని భయపడే పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. వంకరగా వచ్చిన కొద్దీ మట్టిలాగే కనిపిస్తుంది.

8. చీలే కొమ్మలు, చారలు, చుక్కలు

కొమ్మలకు నియమం తేలిక. ఒక గీత రెండుగా చీలాలి, చీలినవి సన్నబడాలి, మళ్లీ చీలాలి. ఏడుసార్లు చీలితే 128 కొనలు. ఏ ఎత్తులో చూసినా కొమ్మలన్నీ కలిపితే మాను అంత మందం ఉంటుందని లియోనార్డో డావిన్చి రాసుకున్నాడు. ఈ సంగతి చెప్పి వేపచెట్టు చూపిస్తే పిల్లలు మాను ఒకటే లావుగా, కొమ్మలు పుల్లల్లా గీయడం మానేస్తారు. స్వర్ణముఖి నది పటం తెరిచి, కళ్యాణి లాంటి ఉపనదులు కలిసే తీరు చూపించండి. చెట్టును పడుకోబెట్టి గీసినట్టే వస్తుంది.

చారలూ చుక్కల కోసం ఎస్వీ జూపార్క్‌కు తీసుకెళ్లొచ్చు. చుక్కల జింక వీపు మీద చుక్కలు చెల్లాచెదురుగా ఉన్నట్టే ఉంటాయి, నిలబడి చూస్తే వెన్ను వెంబడి వరసలు తేలతాయి. చిరుతపులి ఒళ్లంతా మచ్చలు, తోక కొన దగ్గరికొచ్చేసరికి అవే కట్లుగా మారతాయి. సన్నటి చోట మచ్చలకు జాగా లేక చుట్టూ కలిసిపోతాయి. రెండు రసాయనాలు ఒకదాన్ని ఒకటి పెంచుతూ, అణుస్తూ ఒంట్లో వ్యాపిస్తే ఇలాంటి మచ్చలూ చారలూ వాటంతట అవే రాగలవని అలన్ ట్యూరింగ్ అనే గణితజ్ఞుడు 1952లో గణితంతో చూపించాడు. పిల్లలకు ఒక పని ఇవ్వండి: వెడల్పుగా మొదలై సన్నగా ముగిసే ఆకారాన్ని చుక్కలతో నింపాలి, సన్నబడే కొద్దీ ఏం చేయాలో వాళ్లే తేల్చుకోవాలి.

9. రంగులు, కలం ఇక్కడివే

కొన్న రంగులు వద్దనను. కానీ శ్రీకాళహస్తి ఇంత దగ్గరుంచుకుని ఒక్కసారైనా కలంకారీ పద్ధతి చూపించకపోతే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

ముందు బొగ్గు. కలంకారీవాళ్లు గుడ్డ మీద మొదటి గీతలు కాల్చిన చింతపుల్లలతో గీస్తారు. పెన్సిల్ మందం చింతపుల్లలను చిన్న బెజ్జం ఉన్న మూత డబ్బాలో పెట్టి నిప్పుల్లో ఉంచితే బూడిద కాకుండా బొగ్గవుతాయి. ఈ పని మీరే చేయండి, పిల్లలతో వద్దు.

తర్వాత కలం. సన్నటి వెదురుపుల్ల కొన చెక్కి, కొనకు కొంచెం పైన నూలుగుడ్డ ఉండలా చుట్టి దారంతో బిగించాలి. గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొనలోంచి దిగుతుంది. మొదట్లో మరకలు పడతాయి, పాత పేపర్ మీద కాసేపు అలవాటు చేయించండి.

నల్లరంగుకు వాళ్లు తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు నానబెడతారు. దాన్ని కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద గీస్తే నల్లబడుతుంది. తరగతిలో చూపించడానికి కాగితం మీద చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరబెట్టండి, దాని మీద ఆ ఇనుప నీళ్లతో గీయించండి. లేత రంగులో పడిన గీత కళ్ల ముందే ముదురుతుంది. టీలోనూ కరక్కాయలోనూ ఉండే వగరు ఇనుముతో కలిసి నలుపు పుట్టిస్తుంది. ఇంకా తేలికది: పసుపు నీళ్లు పూసిన కాగితం మీద వంటసోడా నీళ్లతో గీస్తే ఎర్రటి గీత వస్తుంది. సున్నం వాడొద్దు, కళ్లలో పడితే ప్రమాదం. పసుపు రంగు ఎండ తగిలితే వెలిసిపోతుంది, ఆ బొమ్మలు నీడలో వేలాడదీయాలి.

అచ్చులు వేయించాలంటే అడ్డంగా కోసిన బెండకాయ నక్షత్రంలా, అరటాకు కాడ గాలి గదుల వలలా పడతాయి. తడి తుడిచి రంగు పల్చగా అద్దితేనే లోపలి గదులు కనిపిస్తాయి.

10. సొంత బొమ్మ

ఇన్నాళ్లూ నేర్చుకున్నవాటిలోంచి ఒక్క నియమం ఎంచుకుని పెద్ద చార్టు మీద ఒక బొమ్మ వేయాలి. రెండు రంగులకు మించొద్దు. నియమంలో ఒక్క సంగతి మార్చాలి. చీలిక రెండుకు బదులు మూడు కావచ్చు, పగుళ్లు లంబంగా కాక ఏటవాలుగా తాకొచ్చు, తేనెపట్టులో ఒక మూల చుక్కలు చెదరొచ్చు. మార్చింది ఏమిటో, ఎందుకో పిల్ల చెప్పగలగాలి.

ఇక్కడ మీరు చేయి పెట్టకండి. గీత సరిచేయాలనిపిస్తుంది, రంగు చెప్పాలనిపిస్తుంది. బదులుగా ఆమె రాసుకున్న వాక్యం చదివించి, బొమ్మ దాని ప్రకారం నడుస్తోందా అని అడగండి. అవునంటే వదిలేయండి. కాదంటే వాక్యం మారుస్తుందో, బొమ్మ మారుస్తుందో ఆమె ఇష్టం.

సగంలో విసుగొచ్చే పిల్లలు ఉంటారు. ఒకే పని వందసార్లు చేయాలి కదా. వాళ్లను రెండు రోజులు ఆపి మళ్లీ ఇవ్వండి, లేదా ఇద్దరిని జతచేయండి. చుక్కలు ఒకరు, గోడలు ఒకరు.

11. గోడకు ఎక్కించేటప్పుడు

ప్రతి బొమ్మ కింద మూడు విషయాలు: పిల్ల పేరు, ఏ వస్తువు చూసి మొదలుపెట్టిందో, నియమం ఒక్క వాక్యం. పక్కన ఆ ఆకో, కాయో కూడా దారంతో కట్టి వేలాడదీయండి. ఎండి ముడుచుకున్నా ఉండనివ్వండి, వచ్చినవాళ్లు బొమ్మనూ దాన్నీ మార్చి మార్చి చూస్తారు.

మార్కులు వేయాల్సి వస్తే శుభ్రత కన్నా మూడింటికి ఎక్కువ ఇవ్వండి: ఎంత దగ్గరగా చూసింది, నియమం ఎంత స్పష్టంగా రాసింది, మార్చినది బొమ్మలో కనిపిస్తోందా లేదా. చేతిరాత, అంచు గీతలు, మెరుపు కాగితాలకు ఏమీ వేయకండి. తల్లిదండ్రులు వచ్చే రోజున పిల్లలే తమ బొమ్మ దగ్గర నిలబడి నియమం చెప్పి, పక్కన పెట్టిన తెల్ల కాగితం మీద వాళ్ల అమ్మ చేతో నాన్న చేతో నాలుగు గీతలు గీయించాలి. చుక్కలు పెట్టిన కాగితాలు ముందే సిద్ధంగా ఉంచుకోండి. అమ్మలు, అవ్వలు సందు చుక్క చూడగానే పెన్ను అడుగుతారు, కాగితాలు చాలకుండా పోతాయి.